కంప్యూటర్‌లో గీసిన కెంపు ప్లాస్టిక్ బిళ్లలా ఎందుకుంటుంది?

ఫొటోషాప్‌లోనో గింప్‌లోనో ఒక రత్నం గీద్దామని కూర్చుంటే చాలామంది చేసేది ఇదే. ముందు ఆకారం గీస్తారు, ఎర్ర రంగు నింపుతారు, ఒక పక్క లేతగా ఇంకో పక్క ముదురుగా గ్రేడియంట్ లాగుతారు, అంచులకు బెవెల్ (ఏటవాలుగా చెక్కినట్టు చూపించే ఎఫెక్ట్) కొడతారు, చివర్లో ఒక మూల తెల్లటి నక్షత్రం మెరుపు అతికిస్తారు. చూస్తే ప్లాస్టిక్ బిళ్ల. సరే అని ఇంకో మెరుపు పెడతారు, ఆ తర్వాత ఇంకోటి. ఎన్ని పెట్టినా అది రాయి అవదు.

అలా గ్రేడియంట్‌తో నీడ తేల్చే పద్ధతి గోడ, బంతి, చెక్క లాంటి వస్తువులకు సరిపోతుంది, ఎందుకంటే అవి వెలుగును లోపలికి పోనివ్వవు, ఏ వైపు దీపం ఉంటే ఆ వైపు వెలుగుతాయి, రెండో వైపు చీకటవుతాయి. సానపట్టిన రాయికి అలాంటి సొంత నీడ దాదాపు ఉండదు. దాన్ని పైనుంచి చూసినప్పుడు మీకు కనిపించేదంతా చుట్టూ ఉన్న గదే. కిటికీ, దీపం, పైకప్పు, మీ తల, అన్నీ ముక్కలైపోయి, తలకిందులై, సంబంధం లేకుండా పక్కపక్కన చేరి కనిపిస్తాయి. అందుకే ఒక పలక (రాయి మీద సానపట్టిన చదునైన ముఖం) తెల్లగా మండుతుంటే దాన్ని ఆనుకునే ఉన్న పలక నల్లగా ఉంటుంది, మధ్యలో మెల్లగా మారడం అనేదే ఉండదు. ఈ సంగతి పట్టుబడితే మిగతా పనంతా దాన్నుంచే వస్తుంది. కాబట్టి టూల్స్ జోలికి వెళ్లే ముందు రాయి లోపల వెలుగు ఏం చేస్తుందో కాస్త చూద్దాం.

లోపలికి వెళ్లిన వెలుగు

వెలుగు గాలిలోంచి రాయిలోకి దిగేటప్పుడు వేగం తగ్గి వంగుతుంది. ఆ వేగం ఎంత తగ్గుతుందో చెప్పే అంకే వక్రీభవన గుణకం. అది ఎంత పెద్దదైతే వెలుగు అంత ఎక్కువ వంగుతుంది. నీటికి 1.33, మామూలు గాజుకు సుమారు 1.5, పచ్చకు 1.58 దగ్గర, కెంపుకూ నీలానికీ 1.77 దగ్గర (ఈ రెండూ ఒకే ఖనిజం, కురువిందం), వజ్రానికి 2.42. స్కూల్లో చదివి వదిలేసిన సందిగ్ధ కోణం ఇక్కడ పనికొస్తుంది. లోపల తిరుగుతున్న కిరణం ఒక పలకను మరీ ఏటవాలుగా తాకితే బయటికి రాలేదు, మొత్తంగా లోపలికే తిరిగిపోతుంది. దానికి హద్దుగా ఉండే కోణం గాజులో దాదాపు 42 డిగ్రీలు, కెంపులో 34.5, వజ్రంలో 24.4. ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు తప్పించుకునే దారి ఇరుకైపోతుంది. వజ్రం అడుగు పలకలు వెనక ఏ పూతా లేకుండానే అద్దాలుగా పనిచేసేది ఇందుకే.

ఆ అద్దాలను ఎంత వాలులో పెడితే పైనుంచి దిగిన వెలుగు మళ్లీ పైకే వస్తుందో 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఇంజినీరు లెక్క కట్టాడు. పైభాగం వాలు 34.5 డిగ్రీలు, అడుగుభాగం వాలు 40.75 డిగ్రీలు, మధ్యలోని చదునైన టేబుల్ పలక మొత్తం వ్యాసంలో 53 శాతం. ఇప్పుడు కోసే గుండ్రటి వజ్రాలు అచ్చం ఈ కొలతలతోనే ఉండవు గానీ వీటి చుట్టుపక్కలే తిరుగుతాయి. అడుగు వాలు బాగా తగ్గిపోతే టేబుల్ లోపల నడుము అంచు (పైభాగం, అడుగుభాగం కలిసే చుట్టంచు) తెల్లటి వలయంగా కనిపిస్తుంది, దాన్ని చేపకన్ను అంటారు. మరీ పెరిగితే మధ్య భాగం నల్లబడిపోతుంది. బొమ్మ గీసేవాళ్లకు ఈ గొడవంతా ఎందుకంటే, తెలియక మధ్యలో ఒక పెద్ద నల్ల మచ్చ పెట్టేస్తే మీరు ఎంత నిగనిగలాడించినా అది చెడగొట్టిన రాయిలాగే కనిపిస్తుంది.

అలాగని నలుపే వద్దనుకోకండి, అసలు కిటుకంతా నలుపులోనే ఉంది. బాగా కోసిన గుండ్రటి వజ్రాన్ని తిన్నగా పైనుంచి చూస్తే ఎనిమిది నల్లటి బాణాలు కనిపిస్తాయి. అవి రాయిలో లేవు. అడుగున ఉన్న ఎనిమిది ముఖ్యమైన పలకలు చూసేవాడి తలనో కెమెరానో తిరిగి చూపిస్తాయి, తల వెలుగుకు అడ్డం కాబట్టి అక్కడ చీకటి. రత్నాలను ఫొటో తీసేవాళ్లు చుట్టూ తెల్ల గుడ్డ కట్టి, మళ్లీ పనిగట్టుకుని అక్కడక్కడ నల్ల అట్టముక్కలు నిలబెట్టేది కూడా ఇందుకే. చుట్టూ అంతా తెలుపే అయితే రాయికి చూపించడానికి చీకటి దొరకదు, పాలిపోయిన గాజులా తేలిపోతుంది.

వజ్రాల కోతను పరీక్షించడానికి ఏసెట్ అనే చిన్న పరికరం ఉంది. రాయిలో ఏ పలక ఏ ఎత్తునుంచి వచ్చే వెలుగును కంటికి పంపుతోందో అది రంగుల్లో చూపిస్తుంది. 45 నుంచి 75 డిగ్రీల ఎత్తునుంచి వచ్చేది ఎరుపు, అంతకన్నా కిందినుంచి వచ్చేది ఆకుపచ్చ, చూసేవాడి తల అడ్డం పడే చోటు నీలం. అలాంటి ఫొటో ఒకటి పక్కన పెట్టుకుని, ఎరుపు ఉన్నచోట వెలుగు, ఆకుపచ్చ ఉన్నచోట మధ్యస్థం, నీలం ఉన్నచోట చీకటి వేసుకుంటూ పోతే పలకల వెలుగు అమరిక చాలావరకు కుదిరిపోతుంది. రత్నాల కోసం తయారైన పరికరమే అయినా బొమ్మలు గీసేవాళ్లకు ఇంతకన్నా మంచి మ్యాప్ దొరకదని నా అభిప్రాయం.

గీతలు: ఇక్కడ మాత్రం కొలత తప్పకూడదు

మొదటిసారి గీసేవాళ్లు వజ్రం జోలికి వెళ్లకపోవడం మేలు. రంగు లేని రాయిలో చిన్న తప్పు కూడా దాగదు. కెంపో నీలమో తీసుకోండి, కోత మాత్రం గుండ్రటి బ్రిలియంట్, ఎందుకంటే దాని లెక్క సులువు. పైభాగంలో 33 పలకలు (టేబుల్ ఒకటి, దాని చుట్టూ స్టార్ పలకలు 8, గాలిపటాల్లాంటి కైట్ పలకలు 8, నడుము అంచున సన్నటివి 16), అడుగున 24, మొత్తం 57. అడుగు కొనను కూడా కాస్త చదును చేస్తే 58.

కాన్వాస్ 3000 పిక్సెళ్ల చదరం, చానెల్‌కు 16 బిట్లు పెట్టుకోండి. 8 బిట్లలో ఒక్కో చానెల్‌కు 256 మెట్లే ఉంటాయి కాబట్టి ముదురు ఎరుపులో గ్రేడియంట్ వేస్తే చారలు తేలతాయి. మధ్యలో 1000 పిక్సెళ్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయండి, అదే నడుము అంచు. ఇప్పుడు కేంద్రంనుంచి సున్నా డిగ్రీల దిశలో 550 దగ్గర ఒక చుక్క, అదే దిశలో వృత్తం మీద 1000 దగ్గర ఒక చుక్క, అటూ ఇటూ 22.5 డిగ్రీల దిశల్లో 750 దగ్గర ఒక్కో చుక్క పెట్టి నాలుగూ కలిపితే ఒక కైట్ పలక వచ్చేస్తుంది. 550 దగ్గరి చుక్కనుంచి 45 డిగ్రీల అవతల 550 దగ్గరే ఉన్న పక్క చుక్కకు గీత కలిపితే టేబుల్ అంచు. ఆ అంచూ 750 దగ్గరి చుక్కా కలిస్తే స్టార్ పలక. 750 దగ్గరి చుక్కనుంచి వృత్తం మీదికి తిన్నగా ఒక గీత లాగితే మిగిలిన జాగా రెండు సన్నటి పలకలుగా విడిపోతుంది. ఇంతే. ఒక కైటు, ఒక స్టారు, రెండు సన్నటి పలకలు గ్రూప్ చేసుకుని కేంద్రం చుట్టూ 45 డిగ్రీల చొప్పున ఏడుసార్లు తిప్పితే పైభాగం పూర్తవుతుంది. ఫొటోషాప్‌లో ఒకసారి తిప్పాక కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, టీ కలిపి నొక్కుతూ పోతే మిగతావి అవే వస్తాయి. క్రిటాలో మల్టీబ్రష్, గింప్‌లో సిమెట్రీ పెయింటింగ్ కూడా ఈ పనికి పనికొస్తాయి, ఇంక్‌స్కేప్‌లో గీసుకుని తెచ్చుకుంటే ఇంకా శుభ్రంగా ఉంటుంది.

అడుగుభాగం గీతలు వేరే లేయర్ మీద. అక్కడి ముఖ్యమైన పలక కేంద్రం దగ్గర మొదలై, 22.5 డిగ్రీల దిశల్లో 230 దగ్గర వెడల్పై, అక్కడినుంచి వృత్తం మీద సున్నా డిగ్రీల చుక్క దాకా సన్నబడుతుంది. ఇలాంటివి ఎనిమిది, వాటి మధ్య మిగిలిన ఒక్కో జాగా రెండేసి పలకలు. ఈ గీతలు టేబుల్‌లోంచి ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయనుకోవచ్చు. పక్క పలకల్లోంచి మాత్రం అలా కనిపించవు. ఒక్కో పై పలక ఒక్కో వాలులో ఉంది కాబట్టి అడుగు బొమ్మను ఒక్కోటి ఒక్కో వైపు జరిపి చూపిస్తుంది. అందుకని అడుగు గీతల లేయర్‌ను కాపీ చేసి, ప్రతి పై పలకకూ క్లిప్ చేసి (ఆ పలక హద్దుల్లోనే కనబడేలా బిగించి), ఒక్కోదాన్ని కొద్దిగా కేంద్రం వైపు లాగి, కొద్దిగా తిప్పండి. పలక అంచు దగ్గర గీత విరిగి పక్కకు జరిగినట్టు కనబడాలి. రాయికి లోతు ఉందని కన్ను నమ్మేది ఈ విరుపు వల్లే. బెవెల్ ఎఫెక్ట్ ఈ పని ఎప్పటికీ చేయలేదు.

ఒక పలక లోపల

ఇప్పుడు నింపడం. దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా నమ్మకమైన దారి, రాయి చేసే పనినే మనమూ చేయడం. ఒక గది ఫొటో తీసుకోండి. కిటికీ ఉండాలి, చీకటి మూలలు ఉండాలి, ఒకటి రెండు దీపాలుంటే ఇంకా మంచిది. దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి, లెవెల్స్‌తో కాంట్రాస్ట్ గట్టిగా పెంచండి. ఆ ఫొటోను ప్రతి పలకకూ విడిగా క్లిపింగ్ మాస్క్‌తో బిగించి, ప్రతిసారీ వేరే కోణంలో తిప్పి, వేరే సైజుకు కుదించి, వేరే చోటికి జరపండి. ఒకదాంట్లో కిటికీ అంచు పడుతుంది, ఇంకోదాంట్లో ఉత్త చీకటి, మరోదాంట్లో దీపం సగం. చేతితో ఎంత ఆలోచించి వేసినా రాని అస్తవ్యస్తం అప్పటికప్పుడు వచ్చేస్తుంది. ఫొటో లేకపోతే ఫొటోషాప్‌లోని క్లౌడ్స్ ఫిల్టర్‌కు కాంట్రాస్ట్ పెంచి వాడినా కొంతవరకు నడుస్తుంది గానీ, మేఘాలకు గట్టి అంచులుండవు, రాయికి కావాల్సింది అవే.

ఒక కైట్ పలకను 400 శాతం జూమ్‌లో ఊహించుకోండి. అది ఒకే రంగు ఉన్న నాలుగు మూలల ముక్క కాదు. పై కొనలో ఒక చీకటి చీలిక, దాన్ని కోసుకుంటూ కత్తి అంచంత పదునుగా ఒక వెలుగు పట్టీ, ఆ పట్టీకి ఒక చివర మెల్లగా ఆరిపోతున్న మధ్యస్థ రంగు, కింద మళ్లీ చీకటి, ఆ చీకట్లో ఒక చిన్న ముక్క మాత్రం మండుతూ. పలకకు మూడు నాలుగు ఇలాంటి ముక్కలు చాలు. వాటిలో కనీసం ఒకదాని అంచు పదునుగా, ఒకదానిది మెత్తగా ఉండాలి. పక్కపక్క పలకలు కలిసే చోట రెండు వైపులా ఒకే వెలుగు పడిందంటే ఆ గీత మాయమైపోతుంది, అక్కడ ఫొటోను కాస్త జరపండి. గీతలు ఎంత పొందికగా ఉన్నాయో వెలుగు అంత పొందిక లేకుండా ఉండాలి. ఎనిమిది కైట్లనూ ఒకేలా నింపి తిప్పేస్తే రత్నం పోయి రంగవల్లి వస్తుంది.

లెక్క ఎంత అంటారా, మొత్తం వైశాల్యంలో మూడోవంతుకు తగ్గకుండా బాగా ముదురు, అతి తక్కువ చోట్ల మాత్రమే పూర్తి వెలుగు, మిగిలింది మధ్యస్థం. ఇది సూత్రం కాదు, కంటికి కుదిరే కొలత. భయపడి నలుపు తగ్గించేవాళ్లే ఎక్కువ, అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నాను. బొమ్మను 64 పిక్సెళ్లకు కుదించి చూడండి, అప్పటికీ చుక్కలు చుక్కలుగా మినుకుమంటే నలుపు సరిపోయినట్టే. బూడిద రంగు ముద్దలా కనిపిస్తే వెనక్కి వెళ్లాలి.

ఇదే జూమ్‌లో ఇంకో చికాకు కనిపిస్తుంది. పలకకూ పలకకూ మధ్య సన్నటి లేత గీత, వెనక బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా ఉంటే మరీ ప్రస్ఫుటంగా. ఇది ఎవరూ గీసింది కాదు. ఏటవాలు అంచు మీద ఒక పిక్సెల్‌ను ఈ పలక సగం కప్పుతుంది, ఆ పలక సగం కప్పుతుంది, రెండూ కలిస్తే నూరు శాతం అవుతుందని మనం అనుకుంటాం. సాఫ్ట్‌వేర్ మాత్రం మిగిలిన సగంలో సగం అని లెక్క వేస్తుంది కాబట్టి కప్పబడేది 75 శాతమే, మిగతా 25 శాతంలోంచి బ్యాక్‌గ్రౌండ్ తొంగిచూస్తుంది. అన్నిటికీ కింద మొత్తం రాయి ఆకారంలో ఒక ముదురు లేయర్ పరిచినా, లేదా ప్రతి పలక సెలెక్షన్‌నూ ఒక పిక్సెల్ పెంచి నింపినా పోతుంది. నేనైతే రెండూ చేస్తాను.

రంగు ఆఖర్న

ఇంతవరకు బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లోనే ఉండాలి. రంగు ముందే వేసేస్తే దాని మోజులో పడి వెలుగు తప్పులు కనబడవు. ఇప్పుడు పైన ఒక గ్రేడియంట్ మ్యాప్ పెట్టండి, ఫొటోషాప్, గింప్, క్రిటా మూడింటిలోనూ ఇది ఉంది. బూడిద రంగులో ఎంత వెలుగు ఉంటే దానికి ఏ రంగు ఇవ్వాలో ఇది నిర్ణయిస్తుంది. కెంపుకు పనికొచ్చే ఒక వరస చెప్తాను, ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల్లో: పూర్తి చీకటికి 22, 0, 8. ముదురుకు 96, 0, 22. మధ్యస్థానికి 190, 8, 40. వెలుగుకు 245, 60, 85. అన్నిటికన్నా పైన 255, 200, 205. ఎక్కడా ఉత్త నలుపు లేదు, ఉత్త తెలుపూ లేదు. తెలుపు సంగతి తర్వాత.

ఈ వరస ఊరికే కంటికి నచ్చేలా పెట్టింది కాదు. రాయిలో రంగు ఉపరితలం మీద ఉండదు, వెలుగు లోపల నడిచిన దారి పొడవునా పుట్టుకొస్తుంది. ఉదాహరణకు ఒక మిల్లీమీటరు నడిస్తే ఆకుపచ్చ వెలుగులో సగం ఇంకిపోతుందనుకుందాం. రెండు మిల్లీమీటర్లకు నాలుగోవంతు మిగులుతుంది, నాలుగు మిల్లీమీటర్లకు పదహారో వంతు. ఎరుపు మాత్రం పెద్దగా తగ్గదు. అంటే లోపల ఎక్కువసార్లు తిరిగి వచ్చిన కిరణం ముదురుగా రావడమే కాదు, రంగు చిక్కబడి వస్తుంది. మామూలుగా ఎరుపుకు నలుపు కలిపి ముదురు చేస్తే వచ్చేది మురికి, ఇక్కడ కావాల్సింది చిక్కదనం. అడుగు కొన చుట్టూ, నడుము అంచు దగ్గరి చీకటి ముక్కల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

కెంపు ఎరుపుకూ పచ్చ ఆకుపచ్చకూ కారణం ఒకే లోహం, క్రోమియం. నీలంలో ఇనుమూ టైటానియమూ కలిసి ఆ పని చేస్తాయి. కెంపుకు ఇంకో గుణం కూడా ఉంది, ఒక దిశలో చూస్తే నారింజ వైపు ఒరిగిన ఎరుపు, ఇంకో దిశలో ఊదా వైపు ఒరిగిన ఎరుపు కనిపిస్తాయి. దాన్ని వాడుకోండి. హ్యూ (రంగు ఛాయ మార్చే) లేయర్ ఒకటి పెట్టి కొన్ని పలకలను నారింజ వైపు నాలుగైదు డిగ్రీలు, కొన్నింటిని ఊదా వైపు అంతే జరిపితే రాయి ఒక్కసారిగా ప్రాణం పోసుకుంటుంది. అంతకు మించితే అతి.

తెలుపు బయటిది, ఎరుపు లోపలిది

చాలా మంచి బొమ్మలు కూడా దెబ్బతినేది ఇక్కడే. రాయి మీద పడిన వెలుగులో కొంత లోపలికి దిగకుండా పై ఉపరితలం మీదినుంచే తిరిగిపోతుంది. తిన్నగా పడినప్పుడు గాజు మీద ఇది సుమారు 4 శాతం, కెంపు మీద 8 శాతం లోపు, వజ్రం మీద 17 శాతం. పక్కనుంచి ఏటవాలుగా చూసేకొద్దీ పెరుగుతూ పోతుంది. ఈ వెలుగు రాయి లోపలికే వెళ్లలేదు కాబట్టి దానికి రాయి రంగు అంటదు. దీపం తెల్లనిదైతే కెంపు మీదా తెలుపే, పచ్చ మీదా తెలుపే.

కాబట్టి లేయర్లు రెండు గ్రూపులుగా ఉండాలి. కింద గ్రూపు లోపలి వెలుగు, గ్రేడియంట్ మ్యాప్ దానికే వర్తించాలి. పైన గ్రూపు బయటి మెరుపు, స్క్రీన్ మోడ్‌లో (కిందున్నదాన్ని ఇంకా వెలిగించేలా లేయర్లు కలిపే పద్ధతి), రంగు లేకుండా. ఈ పై గ్రూపులో అడుగు పలకలకు పనిలేదు, పై 33 పలకలే ఉంటాయి, అందులోనూ ఏ రెండు మూడో కాంతికి ఎదురుపడతాయి. టేబుల్ మీద కిటికీ ఆకారంలో ఒక లేత తెల్లటి పట్టీ, ఒపాసిటీ 10 నుంచి 15 శాతం, దాని అంచు టేబుల్ గీత దగ్గర ఠక్కున ఆగిపోవాలి, పక్క పలకలోకి కారకూడదు. కాంతివైపు ఒక కైట్ పలక మొత్తం తెల్లగా వెలిగిపోవచ్చు. కింద ఎరుపులో జరుగుతున్న గందరగోళం మీద ఈ ఒక్క శుభ్రమైన తెల్లటి రేకు పడగానే పైన గట్టి ఉపరితలం, లోపల లోతు, రెండూ ఒకేసారి అర్థమవుతాయి.

వజ్రమైతే దీనికి తోడు రంగుల మెరుపులు కావాలి. తెల్ల వెలుగు విడిపోయే ఈ గుణాన్ని విక్షేపణం అంటారు. వజ్రానికి దాని కొలత 0.044, కెంపుకు 0.018. పైగా కెంపు తన సొంత ఎరుపుతో మిగతా రంగులను మింగేస్తుంది, అందుకని కెంపు మీద ఇంద్రధనుస్సు పెడితే అబద్ధమని ఇట్టే తెలిసిపోతుంది. వజ్రంలో కూడా ఏడు రంగుల గ్రేడియంట్ ఒక పలక మీద పరిచేయకండి. నిజంగా చూసినప్పుడు కంటికి చేరేది ఆ విడిపోయిన వెలుగులో ఒక చిన్న తుంపు మాత్రమే, అందుకని ఒక ముక్క నారింజగా, ఎక్కడో దూరాన ఇంకో ముక్క నీలంగా మెరుస్తుంది, చుట్టుపక్కల ముదురుగా ఉన్నచోటే అవి కనబడతాయి. మొత్తం రాయికి ఐదారు చాలు.

ఇక నక్షత్రం మెరుపు. నాలుగు ముక్కుల ఆ చుక్క రాయి చేసేది కాదు, కెమెరా లెన్స్ లోపలి రంధ్రం అంచుల వల్లా మన కంటి లోపాల వల్లా వచ్చేది. పెట్టాలనిపిస్తే ఒకటి, అదీ అప్పటికే మండుతున్న ముక్క మీద. దానికన్నా, అతి వెలుగు ముక్కలను మాత్రం కొత్త లేయర్‌లోకి తీసి, గాసియన్ బ్లర్ కొట్టి, స్క్రీన్ మోడ్‌లో 30 శాతం దగ్గర పెడితే వచ్చే పల్చటి కాంతి ఎక్కువ నమ్మిస్తుంది.

మరకలు, నీడ

పలకల గీతలన్నిటికీ సమానంగా తెల్లటి లైను కొట్టడం ఇంకో అలవాటు. నిజం రాయిలో పలకలు కలిసే చోట గీత అనేది వేరే ఉండదు, రెండు వెలుగుల మధ్య తేడానే గీతగా కనిపిస్తుంది. కాంతికి ఎదురుగా ఉన్న ఒకటి రెండు అంచుల మీద మాత్రం ఒక పిక్సెల్ మెరుపు పెట్టి వదిలేయండి.

లోపాలు లేని రాయి అనుమానం పుట్టిస్తుంది. పచ్చల్లో లోపలి పగుళ్లు, నాచులాంటి మరకలు మామూలే. కెంపుల్లో, నీలాల్లో రూటైల్ అనే ఖనిజం సూదులు పట్టుపోగుల్లా అల్లుకుని ఉంటాయి. నీలంలో రంగు కూడా అంతటా ఒకేలా ఉండకుండా తిన్నటి పట్టీలుగా ఉండొచ్చు. వీటిని వేసేటప్పుడు మర్చిపోకూడనిది, మరక లోపల ఒకటే అయినా దాన్ని ఒక్కో పలక ఒక్కోచోట చూపిస్తుంది. కాబట్టి ఒకే మరకను మూడు నాలుగు పలకల్లో, విరిగినట్టు, వేర్వేరు కోణాల్లో అతికించాలి. పలకల గీతలను దాటుకుంటూ ఒక పగులు సాఫీగా పోయిందంటే అది రాయి లోపల ఉన్నట్టుండదు, తెర మీద గీత పడ్డట్టుంటుంది.

నీడ దగ్గర కూడా పాత అలవాటు పనికిరాదు. డ్రాప్ షాడో కొడితే రాయి బరువైన ముద్దలా కనిపిస్తుంది. వెలుగు రాయిలోంచి దూరి అవతల పడుతుంది కదా, అందుకే నీడ మధ్యలో రాయి రంగుతో వెలుగు మరకలు ఉంటాయి, అక్కడక్కడ నేలకన్నా ప్రకాశంగా కూడా. రాయి నేలను తాకేచోట సన్నటి ముదురు నీడ, దాని అవతల మెత్తటి నీడ, దానిమీద కాంతికి ఎదురు దిక్కున ముక్కలు ముక్కలుగా ఎరుపు. లోపలి వెలుగు గ్రూపునే కాపీ చేసి, అణగదొక్కి, కాస్త బ్లర్ చేసి, స్క్రీన్ మోడ్‌లో నీడ మీద వేస్తే పని అయిపోతుంది.

పలకలు లేకుండా గుండ్రంగా నున్నగా చెక్కిన రాయి అయితే లెక్క మారుతుంది, అక్కడ గ్రేడియంట్ నిజంగానే పనికొస్తుంది, కాకపోతే తలకిందులుగా. దీపం ఉన్న వైపు చిన్న పదునైన తెల్ల మెరుపు, దాని ఎదురు అంచున లోపలినుంచి వచ్చే రంగు వెలుగు. బంతికి వేసినట్టు ఎదురు అంచును చీకటి చేస్తే చెడుతుంది. నక్షత్ర కెంపులో ఆరు కిరణాలు, పిల్లికన్ను వైడూర్యంలో ఒకే గీత, ఇవన్నీ లోపలి సూదుల మీద పడిన వెలుగు. అందుకని వాటి మధ్య బిందువు దీపం వైపు జరగాలి, అంచులు మెత్తగా ఉండాలి.

ఇంత చాకిరీ ఎందుకు, బ్లెండర్‌లో త్రీడీ మోడల్ పెట్టి రెండర్ చేస్తే పోదా అంటే, పోతుంది. బ్లెండర్‌లోని సైకిల్స్ అనే రెండర్ ఇంజిన్‌లో గాజు మెటీరియల్ తీసుకుని వక్రీభవన గుణకం 1.77 ఇచ్చి, లోపల వాల్యూమ్ అబ్జార్ప్షన్‌తో (నడిచిన దారి పొడవునా వెలుగును ఇంకించే సెట్టింగ్) రంగు ఇస్తే కెంపు వచ్చేస్తుంది. వజ్రానికి రంగుల మెరుపు కావాలంటే 2.41, 2.42, 2.44 అని మూడు గుణకాలతో మూడు రెండర్లు చేసి, వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లుగా కలపొచ్చు. చిత్రం ఏమిటంటే అక్కడా మొదటి రెండర్ చచ్చినట్టే ఉంటుంది, ఎందుకంటే చుట్టూ ఏమీ లేని బూడిద రంగు ప్రపంచంలో రాయి చూపించడానికి ఏమీ ఉండదు. అక్కడా కిటికీలు, నల్ల అట్టలు పెట్టాల్సిందే. పని ఒకటే, లెక్కలు మాత్రం కంప్యూటర్ చేస్తుంది. ఒక ఆటకో పోస్టరుకో నలభై రాళ్లు కావాలంటే నేనూ బ్లెండరే వాడతాను, ఒక్క రాయి కావాలంటే చేత్తోనే, ఎందుకంటే ఏ పలక వెలగాలో నేనే నిర్ణయించుకోవచ్చు.

చివరగా సేవ్ చేసేటప్పుడు, 3000 పిక్సెళ్ల ఫైలు అలాగే దాచుకుని దాని కాపీని 1000కి కుదించండి. ముడతలు, అంచు గరుకులు అక్కడే సగం సర్దుకుంటాయి. షార్పెనింగ్ కుదించిన తర్వాతే చేయాలి, అదీ లోపలి వెలుగుకు తక్కువ, బయటి మెరుపుకు ఎక్కువ. అంచుల చుట్టూ తెల్లటి వలయం మొదలైందంటే ఒక మెట్టు వెనక్కి. వెనక బ్యాక్‌గ్రౌండ్ లేకుండా వాడుకోవాలంటే పీఎన్‌జీ, అప్పుడు నీడ లేయర్‌ను వేరే ఫైలుగా తీసుకోండి, లేకపోతే తెల్ల పేజీ మీద కుదిరిన నీడ ముదురు పేజీ మీద పెట్టగానే బూడిద మరకలా తేలుతుంది.